తుపాను సంచి ఎవరి కోసం?

(దసరాకు ముందు, శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని ఒక ఊరి బడి ఆవరణలో మహిళా సంఘాల సభ్యుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అక్కలకు, చెల్లెళ్లకు, అరుగు మీద కూర్చున్న పెద్దలకు నమస్కారం.

సంఘం లెక్కలు ముగిశాయి, పొయ్యి వెలిగించే వేళ అవుతోంది. తొందరలో ఉన్నారని తెలుసు. తుపాను వస్తుందంటే ఇంట్లో సర్దుకునే సంచి గురించి మాట్లాడటానికి వచ్చాను. అయినా ఒక ప్రశ్న అడుగుతాను. ఈ అర్ధరాత్రి ఇల్లు వదిలి ఈ బడికి రమ్మంటే, మీ ఇంట్లో తనంతట తాను రాలేని మనిషి ఎవరు? ఆ పేరు మనసులో అనుకోండి. నా మాటలన్నీ ఆ ఒక్క మనిషి గురించే.

2018 అక్టోబరు 11, గురువారం. తెల్లవారుజామున నాలుగున్నర, ఐదున్నర మధ్య తిత్లీ తుపాను మన పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల గాలి, మధ్యమధ్య 165 దాకా విసురు. మీకు అంకెలు చెప్పనక్కరలేదు, ఆ రాత్రి మీరూ తలుపులకు వీపు ఆనించి కూర్చున్నవారే. మా పెరట్లో నిలబడి తలెత్తితే నలభై ఏళ్లుగా ఆకాశం మట్టల సందుల్లో ముక్కలుగా కనిపించేది. ఆ ఉదయం మొత్తం ఒకేసారి కనిపించింది. చెట్లన్నీ పడుకున్నాయి.

అప్పటికి మా అన్నయ్య మూత్రపిండాలు పాడై రెండేళ్లుగా డయాలసిస్ మీద, అంటే మిషనుతో రక్తం శుభ్రం చేయించుకుంటూ ఉన్నాడు. వారానికి రెండుసార్లు వెళ్లేవాడు. మరుసటి రోజు, శుక్రవారం, అతని వంతు. దారి లేదు. ఊరి నుంచి రోడ్డు దాకా ఎక్కడ చూసినా కొబ్బరి మానులే. కరెంటు లేదు, కాబట్టి మోటారు లేదు, మోటారు లేదు కాబట్టి నీళ్లు లేవు. నేల మీద మాత్రం లేత బొండాలు రాశులుగా పడి ఉన్నాయి. చలవ చేస్తుంది, బలం వస్తుంది అని మేమే కొట్టి అన్నయ్యకు ఇచ్చాం. గురువారం రెండు, శుక్రవారం మూడు.

నేను ముప్పై ఏళ్లు జీవశాస్త్రం పాఠం చెప్పినదాన్ని. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువని, పాడైన మూత్రపిండాలు దాన్ని బయటకు పంపలేవని, రక్తంలో అది పేరుకుంటే గుండె లయ తప్పుతుందని పిల్లలకు చెప్పినదాన్నే. ఆ రెండు రోజులు ఆ పాఠం నాకు గుర్తు రాలేదు. శనివారం పొద్దున అన్నయ్య లేవబోయి లేవలేకపోయాడు. కాళ్లు మొద్దుబారాయన్నాడు. నాడి పట్టుకుంటే నిదానంగా, ఆగి ఆగి కొట్టుకుంటోంది. ఊరి కుర్రాళ్లు గొడ్డళ్లతో మానులు నరుకుతూ ముందు నడిచారు, నలుగురు మంచం మోశారు, రోడ్డు మీదకు వచ్చాక మోటారు సైకిల్ మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకుని తీసుకెళ్లాం. బతికాడు. ఆ తర్వాత నాలుగేళ్లు మాతో ఉన్నాడు.

మా ఇంట్లో ఆ రోజు టార్చిలైటు ఉంది, బియ్యం ఉన్నాయి, పప్పు ఉంది, అగ్గిపెట్టెలు తడవకుండా దాచుకున్నాం. సంచి సర్దలేదని కాదు. ఆ సంచి మా అందరి కోసం సర్దాం, అన్నయ్య కోసం సర్దలేదు. అందుకే ఇప్పుడు అడుగుతున్నాను, మీరు సర్దే సంచి ఎవరి కోసం?

మూత్రపిండాల జబ్బు ఎక్కువగా ఉన్న మన ఉద్దానంలో డయాలసిస్ మనిషి లేని వీధి తక్కువ. కాబట్టి ఈ సంగతి కొంచెం నిదానంగా చెబుతాను. తుపాను గాలివానలు మొదలవడానికి కనీసం 48 గంటల ముందు వాతావరణ శాఖ తుపాను హెచ్చరిక ఇస్తుంది. టీవీలో అది వినబడిన గంటలోనే డయాలసిస్ కేంద్రానికి ఫోన్ చేయండి. మా వంతు ఒక రోజు ముందుకు జరపండి అని అడగండి. అడిగితే ఏమనుకుంటారో అని ఊరుకోవద్దు. ముందు రోజు రక్తం శుభ్రపడిన మనిషికి, దారి తెగినా, చేతిలో రెండు మూడు రోజులుంటాయి.

ఆ రెండు మూడు రోజుల తిండి వేరు. తెల్లన్నం, రొట్టె, బిస్కెట్టు, కొంచెం పంచదార పనికొస్తాయి. కొబ్బరినీళ్లు వద్దు. ఒక గ్లాసులోనే సుమారు 600 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. డయాలసిస్ రోగికి మామూలుగా రోజు మొత్తం మీద చెప్పే హద్దు 2,000 దగ్గర. అరటిపండు వద్దు, జీడిపప్పు వద్దు, చోడి (రాగి) అంబలి వద్దు. మన నేల మనకు ప్రేమగా ఇచ్చేవన్నీ ఆ మనిషికి ఆ రోజుల్లో విషమే. నీరసంగా ఉన్నాడని ఓఆర్‌ఎస్ ప్యాకెట్ కూడా మీ అంతట మీరు కలిపి ఇవ్వకండి, దానిలోనూ పొటాషియం ఉంటుంది. నీళ్లు ఎంత తాగాలో డాక్టరు చెప్పిన కొలత ఉంటుంది కదా, ఆ కొలత సీసాను కూడా సంచిలో పెట్టండి.

ఇంకొకటి, ఒక కాగితం. డయాలసిస్ అయ్యాక ఉండవలసిన బరువు, రక్తం గ్రూపు, వాడే మందులు, ఆఖరి రక్తపరీక్ష, హెపటైటిస్ పరీక్ష ఫలితం, ఫిస్టులా, అంటే డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం, ఏ చేతికి ఉందో, అన్నీ రాసి ప్లాస్టిక్ కవరులో పెట్టండి. మన కేంద్రం మునిగితే టెక్కలికో శ్రీకాకుళానికో వెళ్లాల్సి వస్తుంది. అక్కడివారికి మన మనిషి కొత్త. ఆ కాగితం ఉంటే వాళ్ల పని సగం తేలిక. ఫిస్టులా ఉన్న చేతికి సూది గుచ్చవద్దని, బీపీ పట్టీ చుట్టవద్దని అందులో పెద్ద అక్షరాలతో రాయండి.

చక్కెర వ్యాధికి ఇన్సులిన్ తీసుకునేవారు ఫ్రిజ్ ఆగిపోతుందని భయపడతారు. కొత్త కుండలో తడి ఇసుక పోసి, దానిలో చిన్న ముంత పెట్టి, ఆ ముంతలో కవరు చుట్టిన సీసా ఉంచండి. పైన తడిగుడ్డ కప్పి నీడన పెట్టండి. వాడుతున్న సీసా చాలా రకాల్లో నాలుగు వారాల దాకా చల్లని గదిలో నిలుస్తుంది. నెలలు దగ్గరపడిన గర్భిణులు హెచ్చరిక వచ్చిన రోజే ఆసుపత్రి దగ్గరకు చేరాలి, గాలి మొదలయ్యాక నొప్పులు వస్తే మంచం మోయడానికి కూడా దారి ఉండదు. చంటిపిల్లల పాలు, ముసలివారి కళ్లద్దాలు, చేతికర్ర, ఇవి చిన్నవే. కళ్లద్దాలు పోయిన ముసలాయన షెల్టరులో మూడు రోజులు మరుగుదొడ్డికి కూడా ఒకరి చెయ్యి పట్టుకుని వెళ్లాలి.

మరుగుదొడ్డి అంటే ఒక మాట చెప్పాలి. మన ఆడవాళ్లు చాలామంది షెల్టరుకు రాకుండా ఇంట్లోనే ఉండిపోవడానికి కారణం గాలి అంటే భయం లేక కాదు, అక్కడి మరుగుదొడ్డి అంటే భయం ఉండి. మనం ఇప్పుడు కూర్చున్న ఈ బడే రేపు మన షెల్టరు. లేచి వెళ్లేటప్పుడు ఆ తలుపులు చూడండి, గడియ పడుతోందా, నీళ్ల ట్యాంకు నిండుతోందా. లేకపోతే ఈ నెలలోనే పంచాయతీలో అడుగుదాం. సంచిలో నెలసరి గుడ్డలు, సబ్బు, ఒక జత పొడి బట్టలు తప్పకుండా ఉండాలి. ఇది సిగ్గుపడే విషయం కాదు.

ఇక అందరికీ కావలసినవి. మనిషికి రోజుకు తాగడానికి, వండడానికి నాలుగు లీటర్లనుకోండి. ఐదుగురికి మూడు రోజులకు 60 లీటర్లు. హెచ్చరిక వచ్చిన రోజే బిందెలు, డ్రమ్ములు కడిగి నింపి మూత పెట్టండి. వరద తర్వాత బావినీళ్లు మరిగించకుండా తాగవద్దు. అటుకులు, మరమరాలు, బెల్లం, వేయించిన శనగలు పొయ్యి అక్కరలేని తిండి. డయాలసిస్ మనిషికి మాత్రం నేను ముందు చెప్పిన తిండి, నీళ్ల కొలతే. కొవ్వొత్తుల కన్నా టార్చిలైటు మేలు, తాటాకు కింద మంట పెట్టుకోవడం నాకు భయం. ఫోను, పవర్ బ్యాంకు నింపుకోండి, కానీ నమ్ముకోకండి. టవర్ల దగ్గర బ్యాటరీలు కొన్ని గంటలే పనిచేస్తాయి. అందుకే సెల్లు వేసే చిన్న రేడియో ఒకటి, కాగితం మీద రాసుకున్న ఫోన్ నంబర్లు కొన్ని. అత్యవసరానికి 112, జిల్లా కంట్రోల్ రూముకు 1077, అంబులెన్సుకు 108. ఏటీఎం పనిచేయదు, ఫోన్‌తో డబ్బు కట్టడం కుదరదు, కాబట్టి పది, ఇరవై, యాభై రూపాయల నోట్లు కొన్ని. ఆధార్, రేషన్ కార్డు, పట్టాదారు పాసు పుస్తకం, బ్యాంకు పుస్తకం కవరులో. తోట పోతే పరిహారం అడగడానికి మొదట అడిగేవి అవే.

సంచి పక్కనే గొడ్డలి, కత్తి, గట్టి తాడు పెట్టండి. పట్నంవాళ్లు రాసే జాబితాల్లో గొడ్డలి ఉండదు. ఉద్దానంలో అది అంబులెన్సు కన్నా ముందు నడవవలసిన వస్తువు. మా అన్నయ్యను బతికించిన దారి గొడ్డలి వేసిన దారే. పదును పెట్టించి ఉంచండి. పది ఇళ్లకు ఒక రంపం మిషను, దానికి పెట్రోలు సంఘం డబ్బుతో కొనుక్కోగలిగితే నేను మొదటి చందా ఇస్తాను.

గాలి గురించి రెండు విషయాలు. 2021 సెప్టెంబరు 26న గులాబ్ తుపాను వచ్చినప్పుడు మా రేకులు కదలలేదు, ఇప్పుడూ కదలవు అని కొందరంటున్నారు. గులాబ్ గాలి 75 నుంచి 85 కిలోమీటర్లు. వేగం రెట్టింపైతే తోసే బలం నాలుగింతలవుతుంది. లెక్క వేస్తే తిత్లీ గాలి తోపు గులాబ్‌కు మూడింతల పైమాటే. ఒకదానికి నిలిచిన ఇల్లు ఇంకోదానికి నిలుస్తుందనుకోవద్దు. రెండోది, తుపాను కన్ను, అంటే దాని నడిమధ్య భాగం, మన ఊరి మీదుగా వెళ్తే గాలి ఒక్కసారిగా ఆగిపోతుంది, ఆకాశం కూడా తేటపడవచ్చు. అయిపోయిందనుకుని ఆవును చూడటానికో చెట్టును చూడటానికో బయటకు వెళ్లకండి. కాసేపటికే ఎదురు దిక్కు నుంచి అదే గాలి తిరిగి వస్తుంది. ఒక పక్కకు వంగి వేళ్లు వదులైన చెట్టు ఆ రెండో గాలికే పడుతుంది.

కళింగపట్నం రేవులో ఎగరేసే ప్రమాద సూచికల గురించి కూడా అడిగారు. పదో నంబరైతేనే భయం, ఎనిమిదైతే ఫరవాలేదనే లెక్క తప్పు. 8, 9, 10 మూడూ మహా ప్రమాదానివే. తుపాను రేవుకు ఏ పక్క నుంచి దాటుతుంది, లేక రేవు మీదుగానో దగ్గరగానో దాటుతుందా అనే దాంట్లోనే తేడా.

తెప్పలు, వలలు ఎంత పైకి లాగాలో గంగపుత్రులకు నేను చెప్పేదాన్ని కాదు. పశువుల పలుపు మాత్రం విప్పేయండి. విప్పిన పశువు మిట్ట వెతుక్కుంటుంది, కట్టేసినది రాటకే చస్తుంది. ఇంటి పక్క కొబ్బరి చెట్ల ముదురు కాయలు, ఎండు మట్టలు హెచ్చరిక రోజునే దింపించండి, గాలిలో ఒక్కో కాయ ఒక్కో రాయి.

గాలి ఆగాక తెగిన తీగ దగ్గరకు వెళ్లకండి. కరెంటు లేదు కదా అనుకుంటాం, ఎవరింట్లోనో జనరేటరు నడుస్తుంటే తప్పుడు కలుపు వల్ల ఆ తీగలోకి కరెంటు రావచ్చు. వంశధార, బాహుదా, మహేంద్రతనయ ఒడ్డు ఊళ్లవారు ఇంకా జాగ్రత్త. ఒడిశా కొండల మీద పడిన వాన గాలి పోయాక వస్తుంది. తిత్లీకి అలాగే వరద వచ్చింది. ఇక్కడ ఎండ కాస్తున్నా ఏరు పెరుగుతుంది. సామాను తెచ్చుకోవడానికి అప్పుడే ఇంటికి తిరిగి వెళ్లవద్దు.

ఇంత చెప్పాను, ఇంటికి వెళ్లి అన్నీ ఒకే రోజు చేయలేరు. ఇవాళ ఒక్క కాగితం చాలు. డయాలసిస్‌కు వెళ్లేవారున్న ఇళ్లవాళ్లు, నెలలు నిండుతున్న కోడళ్లున్నవాళ్లు, ఇన్సులిన్ వాడేవాళ్లు కాసేపు ఆగండి. తెల్లకాగితాలు, పెన్నులు, ప్లాస్టిక్ కవర్లు తెచ్చాను. రాయడం రానివారికి నేను రాసిపెడతాను. మందుల చీటీ చేతిలో లేకపోతే పిల్లల్ని ఇంటికి పంపించి తెప్పించండి. ముందు ఆ పేరు చెప్పండి, మొదట అనుకున్న పేరు.