పరకాల కొట్టంలో ఆర్‌ఎక్స్ 100: ఊడని స్క్రూల ముచ్చట

హోస్ట్: అన్నా, మీ షెడ్డుకి ఎప్పుడొచ్చినా ఆ యమహా ఆర్‌ఎక్స్ 100 బైకు ఇంజన్ బల్ల మీదే ఉంటోంది. ఏంటి దాని కథ?

అన్న: ఏముంది తమ్మీ, పరకాల దగ్గర మా మామ వాళ్ల కొట్టంలో పన్నెండేళ్లు పడి ఉంది, అదీ పొటాష్ బస్తాల పక్కన. పొటాష్ కూడా ఒక ఉప్పే కదా, తేమ తగిలితే ఇనుముని తినేస్తుంది. పైగా కేసింగ్ అల్యూమినియం, స్క్రూలు స్టీలు. రెండింటి మధ్య తడి చేరితే ముందు పోయేది అల్యూమినియమే, అది తెల్లటి పొడిలా ఉబ్బి స్క్రూని పట్టేస్తుంది. పైన జంగు కొంచెమే కనబడుతుంది, లోపల మాత్రం అతికించినట్టే.

హోస్ట్: డబ్ల్యూడీ-40 స్ప్రే కొట్టలేదా?

అన్న: అందరూ అదే అంటారు! అది అసలు తేమని తరిమేందుకు చేసింది. ఇలాంటి మొండివాటికి నేను ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్లలో పోసే నూనె), అసిటోన్ సగం సగం కలిపి పోస్తాను, రెండూ విడిపోతుంటాయి కాబట్టి పోసే ముందు ప్రతిసారీ కుదపాలి. పొద్దునా రాత్రీ నాలుగు రోజులు పోసి, మధ్యమధ్య సుత్తెతో తల మీద చిన్నగా తట్టాలి.

హోస్ట్: నాకైతే అంత ఓపిక లేదు.

అన్న: నాకు మాత్రం ఉందా? మొదటి రోజే స్క్రూడ్రైవర్ పెట్టి ఒకదాని తల అరగదీశాను. ఆ స్క్రూలు జపాన్ కొలత, జేఐఎస్. మామూలు ఫిలిప్స్ బిట్టు అడుగుదాకా కూర్చోదు, జారి పైకి లేస్తుంది. తర్వాత జేఐఎస్ బిట్టు తెచ్చి, దెబ్బ కొడితే బిట్టుని తిప్పే ఇంపాక్ట్ డ్రైవర్‌కి పెట్టి సుత్తెతో కొట్టాను. రెండు దెబ్బలు వేశాక చూసుకుంటే డ్రైవర్ బిగించే వైపు పెట్టి ఉంది.

హోస్ట్: అయ్యో! (నవ్వు)

అన్న: నవ్వు నవ్వు. ఇక వేడి సంగతి. అల్యూమినియం స్టీలు కంటే దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది, కాబట్టి హాట్ ఎయిర్ గన్‌తో స్క్రూ చుట్టూ కేసింగ్‌ని వేడి చేస్తే రంధ్రం వదులవుతుంది. కానీ ముందు అసిటోన్ పూర్తిగా తుడిచి ఆరనివ్వాలి, డబ్బా కూడా దూరం పెట్టాలి, లేకపోతే షెడ్డే అంటుకుంటుంది. అల్యూమినియం ఎర్రబడదు, నేరుగా కరిగిపోతుంది, అందుకే గ్యాస్ మంట జోలికి నేను పోను.

హోస్ట్: విరిగితే?

అన్న: ఒకటి విరిగింది. విరిగిన స్క్రూలో దించి తిప్పే ఈజీ-అవుట్ పెట్టలేదు, అది గట్టి స్టీలు, లోపల విరిగితే మామూలు డ్రిల్ బిట్టు దాన్ని కొయ్యదు. ముక్క కొంచెం బయటికి ఉంది, దాని మీద నట్టు పెట్టి వెల్డింగ్ చేయించాను, చల్లారాక పానాతో తిప్పితే వచ్చేసింది.

హోస్ట్: మరి తల అరిగింది?

అన్న: అదింకా రాలేదు. పొద్దున మళ్లీ నూనె పోసి వచ్చాను, ఆదివారం దాకా ముట్టను.