వెంకటగిరి కాగితంలో, కోట అవ్వ మాటలో

సభాధ్యక్షులకు, ఈ గ్రంథాలయాన్ని ఇన్నేళ్లుగా నిలబెట్టుకుంటూ వస్తున్న పెద్దలకు, ఎండలో ఇంత దూరం నడిచి వచ్చిన అమ్మలకు, అక్కలకు, విద్యార్థులకు నా నమస్కారాలు. పరిచయం చేసిన మిత్రులు నా గురించి చాలా చెప్పారు. అందులో ఈ సభకు అవసరమైనది ఒక్కటే: నేను కోలారు బంగారు గనుల కూలీ లైన్లలో పుట్టి పెరిగినవాణ్ణి, మా మూలం ఈ వెంకటగిరికోట అని తెలుసుకోవడానికి నాకు రెండేళ్లకు పైగా పట్టింది.

వంశవృక్షం ఎలా రాసుకోవాలో చెప్పమని నిర్వాహకులు అడిగారు. నేను కూడా ఒక క్రమంలో మాట్లాడాలని కాగితం మీద రాసుకొని వచ్చాను. కాని ఈ ఊళ్లో దిగి, బస్టాండు దగ్గర కండక్టరు 'కోట, కోట' అని కేకవేయడం విన్న తరువాత ఆ క్రమం ప్రకారం మాట్లాడడం నాకు సాధ్యమయ్యేలా లేదు. అందుచేత ముందు మా ముత్తాత సంగతి చెప్పనివ్వండి.

బంగారం కోసం జనం ఎగబడిన చోట్లు అనగానే చదువుకున్నవారు 1849 నాటి కాలిఫోర్నియానో, 1851 నాటి ఆస్ట్రేలియాలోని విక్టోరియానో తలుచుకుంటారు. కోలారుకు కూడా ఆ వేడి అటువైపు నుంచే సోకింది. న్యూజీలాండ్‌లో మావోరీ యుద్ధంలో పనిచేసి వచ్చి బెంగళూరులో స్థిరపడిన మైకేల్ లావెల్ అనే ఐరిష్ సైనికుడు 1873లో గనుల హక్కు కోసం మైసూరు ప్రభుత్వానికి అర్జీ పెట్టుకున్నాడు. అతని కంటే చాలా ముందే, 1802లో, సరిహద్దు సర్వేకు వచ్చిన లెఫ్టినెంట్ జాన్ వారెన్ ఎదుట ఊరుగాం, మారికుప్పం పరిసరాల పల్లెజనం బండ్లతో మట్టి తెచ్చి, నీళ్లలో కడిగి బంగారు రవ్వలు తీసి చూపించారు. అంటే అక్కడ బంగారం ఉందని దొరలు కనిపెట్టలేదు, మనవాళ్లు వాళ్లకు చూపించారు. ఈ మాట పిల్లలు గుర్తుపెట్టుకోవాలని కోరుతున్నాను. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ అనే లండన్ సంస్థ రంగంలోకి దిగింది. పెట్టుబడి దాదాపు హరించుకుపోయిన దశలో, ఆ దశాబ్దం నడిమిలో, చాంపియన్ అని పేరు పెట్టిన బంగారు రాతిపొర దొరికింది. ఆ తరువాత గనులు వెనుదిరిగి చూడలేదు.

అయితే కాలిఫోర్నియాకు పోయినవాడు తన జల్లెడ తాను పట్టుకొని పోయాడు, దొరికితే తనది. మనవాళ్లు బంగారం వేటకు పోలేదు, కూలికి పోయారు. ధాత నామ సంవత్సరపు కరువు తరిమితే పోయారు. 1876లో మొదలైన ఆ కరువు ఎంత ఘోరమైనదంటే, 1871 లెక్కల్లో 50 లక్షలు దాటి ఉన్న మైసూరు సంస్థానపు జనాభా 1881 నాటికి సుమారు 42 లక్షలకు పడిపోయింది. ఇటు పలమనేరు తాలూకాలో, కుప్పం వైపు, అటు సేలం జిల్లాలో అదే ఆకలి. తిండిలేని పల్లెలకు మేస్త్రీలు వచ్చి ముందుగా కొంత అప్పు చేతిలో పెట్టి మనుషులను తీసుకుపోయారు. మా అవ్వ తన అత్తగారి నోట విన్నదని చెప్పిన ప్రకారం, మా ముత్తాత జయ నామ సంవత్సరంలో, 'రైలు వచ్చిన ఏడు', రాత్రంతా నడిచి గనులు చేరాడు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుతాను, ఎందుకంటే ఇది మీకు పనికివచ్చే విషయం. మన పెద్దలకు ఇంగ్లీషు తేదీలు తెలియకపోవచ్చు గాని సంవత్సరాల పేర్లు తెలుసు. చిక్కు ఏమిటంటే ఆ పేర్లు అరవై ఏళ్లకు ఒకసారి తిరిగి వస్తాయి. జయ 1894లోనూ వచ్చింది, 1954లోనూ వచ్చింది. కాబట్టి సంవత్సరం పేరు పక్కనే ఇంకొక గుర్తు కూడా అడిగి రాసుకోవాలి: ఆ ఏడు ఏ కరువు, ఏ జబ్బు, ఏ కట్ట తెగింది, ఏ రైలు వచ్చింది. బౌరింగ్‌పేట నుంచి, అంటే నేటి బంగారపేట నుంచి, మారికుప్పానికి రైలు మార్గం తెరిచింది 1894లో. అవ్వ చెప్పిన రెండు గుర్తులూ ఒకే ఏడాది మీద పడ్డాయి. చదువురాని మనిషి మాటను తేలికగా తీసుకోకూడదని నాకు తెలియజెప్పినది ఇదే. అయినా ఆ పాఠం నాకు ఆలస్యంగా వంటబట్టింది.

ఎలాగో చెబుతాను. మా ముత్తాతకు సంబంధించి మా ఇంట్లో మిగిలినది ఒక్క చీటీ, 1908 నాటి గని ఆసుపత్రి చీటీ. దాని మీద ఒక నంబరు, ఇంటిపేరు లేని ఒంటి పేరు, స్వస్థలం అనే చోట ఇంగ్లీషులో 'వెంకటగిరి, ఎన్.ఏ.' అని ఉంది. మా అవ్వ గనుల్లోనే పుట్టింది, అత్తవారి పల్లె చూసి ఎరుగదు. తాత రాతిధూళి ఊపిరితిత్తుల్లో చేరి, దగ్గి దగ్గి చిన్న వయసులోనే పోయాడు. ఊరి సంగతి అడిగితే అవ్వ ఎప్పుడూ ఒకటే మాట అనేది: 'మనం కోట నుంచి వచ్చినాము.' ఏదో రాజుల కోట అనుకొని ఆ మాటను నేను పట్టించుకోలేదు. చీటీ తీసుకొని పాత రికార్డులుండే ఒక కార్యాలయానికి వెళితే, ఎన్.ఏ. అంటే 'వివరం లభ్యం కాదు' అని అర్థమనీ, పాత హాజరు పుస్తకాలన్నీ చెదలు తిన్న చెత్త అనీ చెప్పి పంపించారు. వెంకటగిరి అంటే చీరల వెంకటగిరే కదా అని నెల్లూరు వైపు బయలుదేరాను. అక్కడ నా దురదృష్టం ఇంకా బలపడింది. గూడూరు దగ్గర నిజంగానే కోట అనే ఊరుంది. కాగితం మీద వెంకటగిరి, అవ్వ నోట కోట, రెండూ ఒకే వైపు కనబడేసరికి దారి దొరికిందని పొంగిపోయాను. సెలవులన్నీ ఆ రెండు ఊళ్ల మధ్యనే గడిచాయి. నేను కనబడితే చావిడి అరుగుల మీది వృద్ధులు, 'గనుల అబ్బాయి వచ్చాడు' అని పక్కకు జరిగి చోటిచ్చేవారు. వారి మంచితనం మరువలేను. కాని మా పేరు ఎరిగినవారు అక్కడ ఒక్కరూ లేరు. అవ్వ అప్పటికే లేదు, మళ్లీ అడుగుదామంటే.

చివరకు పలమనేరులో ఒక శుభకార్యంలో, వెనుకటి రోజుల్లో కరణంగా పనిచేసిన ఒక పెద్దాయన పక్కన భోజనానికి కూర్చున్నాను. నా కథ విని ఆయన విస్తరి మీద చెయ్యి ఆపి అన్నారు: 'నాయనా, మీ ముత్తాత కాలానికి చిత్తూరు జిల్లాయే లేదు గదా. పలమనేరు తాలూకా అంతా ఉత్తర ఆర్కాటులో ఉండేది. ఎన్.ఏ. అంటే నార్త్ ఆర్కాటు. వెంకటగిరికోటను మేము కోట అనే అంటాము. ఒక ఊరి పేరును రెండు ముక్కలు చేసుకొని నెల్లూరు దాకా పోతివే!' చిత్తూరు జిల్లా 1911 ఏప్రిల్‌లో ఏర్పడిందన్న విషయం నేను బడిలో చదువుకున్నదే. చదివింది వేరు, ఆకు ముందు కూర్చొని విన్నది వేరు. ఆ రోజు నాకు భోజనం సహించలేదు.

మీలో ఎవరైనా గనులకు పోయిన పూర్వీకులను వెదకదలచుకుంటే ఈ సంగతి మరవకండి. 1911కు ముందు విషయాలకు చిత్తూరులో వెదికితే దొరకవు, ఉత్తర ఆర్కాటు పత్రాలు చెన్నై ఎగ్మూరు పురాలేఖాలయంలో అడగాలి. గనులు మైసూరు సంస్థానంలో ఉండేవి కనుక ఆ ప్రభుత్వపు కాగితాలకు బెంగళూరు వెళ్లాలి. అక్కడ తెలుగు పేర్లు తెలుగులాగే ఉంటాయని ఆశపడకండి. మునెన్న మునియన్ కావచ్చు, వెంకటప్ప వెంకటసామి కావచ్చు, రాసిన గుమస్తా ఏ భాషవాడైతే పేరు ఆ భాషలోకి ఒరిగిపోతుంది. అదే ఇంగ్లండులోని కార్న్‌వాల్ నుంచి గనులకు వచ్చిన దొర కుటుంబం వారు వెదికితే, వారికి బాప్తిస్మం పుస్తకం ఉంది, పెళ్లి పుస్తకం ఉంది, గనుల ఊళ్లోనే పేరు చెక్కిన సమాధి రాయి ఉంది. వారి సమాధులను చూసి నాకు అసూయ లేదు, వారూ పొట్టకూటికి సముద్రాలు దాటి వచ్చినవారే. కాని అదే సొరంగంలో, మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగిన ఆ గనుల్లో, అదే రాయి కింద పోయిన మన మనిషికి ఒక నంబరు తప్ప ఇంకేమీ మిగలకపోవడం నన్ను నిద్రపోనివ్వదు.

మన పల్లెల్లో కొన్ని ఇళ్లకు పిచ్చుకకుంట్లవారు వచ్చి ఏడు తరాల పేర్లు, గోత్రాలు పాడి పోయేవారు. మా ఇంటికి అలా ఎవరూ వచ్చినట్లు గుర్తు లేదు. అయితే మాకూ ఒక కాగితం దొరికింది. ఇక్కడికి దగ్గరి పల్లెలోనే, మా తాత చెల్లెలి మనుమడి ఇంట్లో, అటక మీది రేకు పెట్టెలో, ఒక తనఖా దస్తావేజు ఉంది. 1921 నాటిది. పలమనేరు తాలూకా వెంకటగిరికోట నివాసి, ప్రస్తుతం మైసూరు సంస్థానం బంగారు గనుల్లో కూలిపని చేసుకొని జీవించేవాడు, ఫలానా వారి కుమారుడు అని స్పష్టంగా తెలుగులో రాసి ఉంది. మా ముత్తాత తండ్రి పేరు నేను మొట్టమొదట చూసింది ఆ పంక్తిలోనే. కూతురి పెళ్లి ఖర్చు కోసం ఒకటిన్నర ఎకరం మెట్ట భూమిని తాకట్టు పెట్టాడు. ఇరవై ఏడేళ్లు బంగారం తవ్విన మనిషి కూతురి పెళ్లికి అప్పు చేశాడు, అది మీరు విన్నారు, దాని గురించి ఇంకేమీ చెప్పను. పత్రం చివర ఆయన ఎడమచేతి బొటనవేలి ముద్ర ఉంది. గీతలు ఇప్పటికీ చెదరలేదు.

ఆ ముద్ర గురించే నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నాను. 1930 ఏప్రిల్‌లో గనుల యాజమాన్యం కూలీలందరి వేలిముద్రలు తీసి నమోదు చేయాలని నిర్ణయించినప్పుడు వేలాది మంది కార్మికులు పని ఆపేశారు. దాదాపు మూడు వారాలు గనులు నడవలేదు. 'దొంగల చేత వేయించే ముద్ర మన చేత వేయిస్తారా' అని తన మామగారు, అంటే మా ముత్తాత, అన్నట్లు మా అవ్వ చెప్పేది. దస్తావేజు వెనుక చెల్లు రాసి ఉంటుంది కదా, ఏటేటా చైత్ర మాసంలో మనియార్డరు ద్వారా ముట్టినట్లు రాసి ఉంది. ఒక్క ప్రమోదూతలో, అంటే 1930లో, చైత్రం బదులు శ్రావణంలో ముట్టింది. కారణం అక్కడ రాయలేదు. సమ్మెలో కూలి లేక పంపలేకపోయాడని నేను నమ్ముతున్నాను.

అయ్యా, ఆలోచించండి. ఆ వేలిముద్రల పుస్తకం పూర్తయి, చెదలు తినకుండా ఉండి ఉంటే, నాలాంటివాడికి రెండేళ్ల తిరుగుడు తప్పేది. పేరు, ఊరు, ముద్ర, అన్నీ ఒక్క పుటలో ఉండేవి. నేను వెదికిన పుస్తకం అదే. మా ముత్తాత పస్తులుండి అడ్డుకున్నదీ అదే. తన కూతురి కోసం తన ఊరివాడి ముందు ఇష్టపూర్వకంగా వేసిన ముద్రను కంపెనీవారి పుస్తకంలో వేయనన్నాడు. ఆ పుస్తకం దొరకలేదని ఇప్పుడు నేను బాధపడడం లేదు. అందుకే మిమ్మల్ని వేడుకుంటున్నాను. పైవారు మన గురించి రాసిన పుస్తకాల కోసం మాత్రమే ఎదురుచూడకండి. మన మనుషులు తమంతట తాము రాయించుకున్న కాగితాలు మీ అటకల మీద ఉన్నాయి. అమ్మకం దస్తావేజులు, తనఖాలు, మనియార్డరు రసీదులు, 2001 ఫిబ్రవరి 28న గనులు మూసినప్పుడు చేతిలో పెట్టిన పత్రాలు, కుప్పం వైపు చిగురుగుంట, బిసానత్తం గనుల్లో పనిచేసినవారి గుర్తింపు కార్డులు, ఏవైనా సరే. ఇల్లు సున్నం కొట్టేటప్పుడు పాత పెట్టెను కుమ్మరించి తగలబెట్టకండి. ఒక్కసారి ఈ గ్రంథాలయానికి తెండి. ఫోటో తీసుకొని మీ కాగితం మీకే ఇచ్చేస్తాము. అవ్వలు, తాతలు ఉన్న పిల్లలు ఈ వేసవి సెలవుల్లో వారి పక్కన కూర్చొని, ఊళ్ల పేర్లు వారు ఎలా పలికితే అలాగే, దిద్దకుండా రాసుకోండి. 'కోట' అంటే 'కోట' అనే రాయండి.

సమయం మించిపోయిందని అధ్యక్షులు సూచిస్తున్నారు. ఒక్క విన్నపం చేసి కూర్చుంటాను. ఆ దస్తావేజు నా సంచిలో ఉంది, సభ తరువాత ఈ బల్ల మీద పెడతాను. అప్పు ఇచ్చినవారు ఈ ఊరివారే, వారి పేరు ఇలా వేదిక మీద నుంచి చదవడం మర్యాద కాదు. తొమ్మిదేళ్లపాటు ఆగి, ఒక ఏడు ఆలస్యమైనా కోర్టుకు పోకుండా, ప్రతి పైకానికీ చెల్లు రాసి, చివరకు పత్రం తిరిగి ఇచ్చిన కుటుంబం అది. వారి వారసులు ఇక్కడ ఉండవచ్చు. గనుల నుంచి వచ్చిన ఉత్తరం గాని, మనియార్డరు కూపను గాని వారి ఇంట్లో ఒక్కటి మిగిలి ఉన్నా, అందులో మా ముత్తాత రాయించిన మాటలు రెండు ఉంటాయి. దస్తావేజు చూసి, ఆ పేరు మీ ఇంటి పెద్దలదే అయితే, దయచేసి నన్ను పిలవండి. చీకటి పడేవరకు ఇక్కడే ఉంటాను.