ముందున్న సున్నా

వేదిక మీది పెద్దలకు, ఈ రోజు కంప్యూటర్ కోర్సు సర్టిఫికెట్లు అందుకుంటున్న పిల్లలకు నమస్కారం. నాలుగు మంచి మాటలు చెప్పమన్నారు. నేను సున్నా గురించి మాట్లాడతాను.

మా అమ్మ బ్యాంకు ఖాతా నంబరు రెండు సున్నాలతో మొదలవుతుంది. నాన్న పోయాక ఆమెకు రావాల్సిన డబ్బు మూడు నెలలు రాలేదు. అడిగితే ఖాతా నంబరు తప్పన్నారు. పాస్‌బుక్ పట్టుకుని ఆ ఆఫీసు మెట్లు ఎన్నిసార్లు ఎక్కిందో! మేం దరఖాస్తులో సరిగ్గానే రాశాం. చివరికి ఒక గుమస్తా జాబితా తెరిచి చూపించాడు. పదకొండు అంకెల నంబర్ల మధ్య అమ్మది ఒక్కటే తొమ్మిది అంకెలు. వివరాల మధ్య కామాలు పెట్టి రాసే సీఎస్‌వీ ఫైలు మీద డబుల్ క్లిక్ చేశారు, పట్టికల ప్రోగ్రామ్ ఎక్సెల్ ఖాతా నంబరును సంఖ్య అనుకుని ముందున్న సున్నాలు తీసేసింది, అలాగే సేవ్ చేశారు. అంతే జరిగింది. ఆ మూడు నెలలూ మా ఇల్లు అప్పు మీద నడిచింది.

మీరే చెప్పండి, ఖాతా నంబర్లను ఎవరైనా కూడతారా? సగటు తీస్తారా? అంకెలతో రాసినా అది పేరు లాంటిది. పేరులో మొదటి అక్షరం కొట్టేస్తామా? మన పిన్‌కోడ్లు సున్నాతో మొదలు కావు కాబట్టి ఇక్కడ ఈ సంగతి తట్టదు. అమెరికాలో న్యూజెర్సీ ఎడిసన్‌లో ఉన్న మనవాళ్ల చిరునామాలో పిన్‌కోడ్ లాంటి నంబరు చూడండి, 08820.

అందుకే ఫైలును ఎక్సెల్ డేటా మెనూలోంచి తెచ్చుకుని ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా, అంటే అక్షరాలుగా పెట్టండి. చేత్తో కొడుతుంటే ముందు ఒక అపాస్ట్రఫీ (') చాలు. కస్టమ్ ఫార్మాట్‌లో పదకొండు సున్నాలు పెడితే సున్నాలు కంటికి కనిపిస్తాయి కానీ లోపల ఉండవు. గడిలో అసలు ఏముందో చూపించే ఫార్ములా బార్‌లో చూస్తే తెలుస్తుంది. ఎక్సెల్‌లోని టెక్స్ట్ అనే ఫంక్షన్ అయితే నిజంగానే చేరుస్తుంది. ప్రోగ్రాములు రాసే భాషల్లో అయితే పైథాన్‌లో జెడ్‌ఫిల్, జావాస్క్రిప్ట్‌లో ప్యాడ్‌స్టార్ట్ ఆ పనే చేస్తాయి.

కానీ ఒక్కటి గుర్తుంచుకోండి. మొత్తం ఎన్ని అంకెలో ముందే తెలిస్తేనే పోయిన సున్నాలను తిరిగి పెట్టగలం. ఒక బ్యాంకుకు పదకొండు, ఇంకో బ్యాంకుకు పద్నాలుగు కలిసిన జాబితాలో ఎవరికి ఎన్ని పోయాయో ఎలా చెప్తారు? పదహారు అంకెల నంబరైతే ఇంకా కష్టం. ఎక్సెల్ పదిహేను అంకెలే పట్టుకుంటుంది, చివరి అంకెను సున్నా చేసేస్తుంది. దాన్ని ఏ ఫార్ములా తిరిగి తేలేదు. అసలు ఫైలు ఒక కాపీ పక్కన ఉంచుకోవాల్సిందే.

ఇంకా చెప్పాలని ఉంది కానీ భోజనాల వేళయింది. తిన్నాక ల్యాబ్‌కు రండి. అమ్మ నంబరు లాంటి నంబర్లతో ఒక ఫైలు తెచ్చాను. డబుల్ క్లిక్ చేయకుండా తెరిచి చూపించండి.