లైసెన్సు రాకముందే పైలట్ల సంఘంలో చేరాలా?

(బెంగళూరు స్టూడియోలో జరిగిన చర్చ నుంచి కొంత భాగం. పాల్గొన్నవారు: రిటైర్డ్ కెప్టెన్, కార్మిక చట్టాల న్యాయవాది, ట్రైనీ పైలట్, హిందూపురం నుంచి వచ్చిన మరో ట్రైనీ తండ్రి.)

సమన్వయకర్త: నమస్కారం. శిక్షణలో ఉన్నవాళ్లకు పైలట్ల యూనియన్‌తో పనేముంటుంది? ఈ ప్రశ్న పంపిన అమ్మాయి మన మధ్యే ఉన్నారు. మీరే మొదలుపెట్టండమ్మా.

ట్రైనీ: కమర్షియల్ లైసెన్సుకు 200 గంటలు ఎగరాలండీ. నావి ఇంకా పూర్తి కాలేదు. ఒకరోజు విమానం మెయింటెనెన్స్‌లో ఉందంటారు, ఇంకోరోజు ఇన్‌స్ట్రక్టర్ లేరంటారు. ఫీజు మాత్రం ముందే కట్టేశాం. గట్టిగా అడిగితే రేపు ఎవరెవరు ఎగరాలన్న సార్టీల లిస్టులో పేరు ఉండదేమోనని టెన్షన్. బ్రిటన్‌లో శిక్షణ తీసుకుంటున్న నా ఫ్రెండ్ మాత్రం ట్రైనీగానే అక్కడి పైలట్ల సంఘం బాల్పాలో చేరింది. ఆ అవకాశం ఇక్కడ మాకెందుకు లేదు?

కెప్టెన్: న్యాయమైన ప్రశ్నమ్మా. తప్పు మా తరానిదే. మన దగ్గర పైలట్ల సంఘాలు చాలావరకు కంపెనీల వారీగా పుట్టాయి. ఇండియన్ పైలట్స్ గిల్డ్ ఎయిరిండియా వాళ్లది, ఐసీపీఏ, అంటే ఇండియన్ కమర్షియల్ పైలట్స్ అసోసియేషన్, ఇండియన్ ఎయిర్‌లైన్స్ వాళ్లది. రెండు సంస్థలూ ఒకటయ్యాక, 2012లో, బోయింగ్ 787 శిక్షణ ఎవరికి దక్కాలన్న దగ్గర గొడవ మొదలై గిల్డ్ సమ్మె 58 రోజులు నడిచింది. చూడండి, గొడవంతా శిక్షణ గురించే! కానీ ఫ్లయింగ్ స్కూళ్లలో ఉన్న పిల్లలు మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు.

సమన్వయకర్త: మేడమ్, చట్టం ఏమంటుంది? చేరాలనుకుంటే చేరొచ్చా?

న్యాయవాది: వయసు అడ్డం కాదు. 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం పదిహేనేళ్లు నిండినవారిని సభ్యులుగా ఒప్పుకుంది. చిక్కంతా ఇంకో చోట ఉంది. సాధారణ సభ్యులు ఆ పరిశ్రమలో నిజంగా పనిచేస్తున్నవారై ఉండాలని అదే చట్టం చెప్పింది. ఆ చట్టం ఇప్పుడు 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో కలిసిపోయింది, అది 2025 నవంబరులో అమల్లోకి వచ్చింది. ఫీజు కట్టి నేర్చుకునే అమ్మాయిని ఉద్యోగి అనలేం. కాబట్టి ఓటు హక్కున్న పూర్తి సభ్యత్వం కష్టం.

ట్రైనీ: నాకు ఓటెందుకు మేడమ్? కాగితం మీద సంతకం పెట్టే ముందు ఒక్కరు చదివి చెబితే చాలు.

కెప్టెన్: అసలు విషయం అదే. ఎయిర్‌లైన్ తన కోసం కొత్తవాళ్లను తయారుచేసుకునే క్యాడెట్ ప్రోగ్రామ్‌లో చేరేటప్పుడు, ఒక రకం విమానం నడపడానికి కావాల్సిన టైప్ రేటింగ్‌కు డబ్బు కట్టేటప్పుడు పిల్లలు ఏ కాగితమిచ్చినా సంతకం చేస్తారు. కొన్నేళ్లు మానకూడదని బాండు, మధ్యలో మానేస్తే ఇంత కట్టాలని షరతు. దానిపైన నోటీసు పీరియడ్. కో-పైలట్‌కు ఆరు నెలలు, కమాండర్‌కు ఏడాది అని విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2017లో పెట్టింది. ఈ మాట సంతకం పెట్టేనాటికి ఎంతమంది పిల్లలకు తెలుసు? ఉద్యోగంలో చేరాక మా దగ్గరికి వచ్చి “ఇప్పుడేం చేయాలి సార్” అంటారు. అప్పటికి చేయగలిగేది చాలా తక్కువ.

తండ్రి: అయ్యా, నాదొక మాట. మావాడి కోసం పొలం తాకట్టు పెట్టి బ్యాంకు లోను తెచ్చినాం. ఎయిర్‌లైన్ బాండు వచ్చినప్పుడు ష్యూరిటీగా నా సంతకం కూడా అడుగుతారంట. యూనియన్ పేరెత్తితే పిల్లోడికి ఉద్యోగం రాదని భయపెడతాండారు. ఏది నమ్మాల?

కెప్టెన్: ఆ భయం ఊరికే పుట్టలేదు పెద్దాయనా. 2009లో జెట్ ఎయిర్‌వేస్‌లో పైలట్లు నేషనల్ ఏవియేటర్స్ గిల్డ్ అని సంఘం పెట్టుకున్నారు. ఇద్దరిని ఉద్యోగం నుంచి తీసేశారు. వందల మంది పైలట్లు ఒక్కసారిగా సిక్ లీవు పెట్టారు. కొన్ని రోజులు విమానాలు ఆగిపోయాయి, చివరికి తీసేసినవాళ్లను వెనక్కి తీసుకున్నారు. అది చూసిన సీనియర్లే ఇప్పటికీ పిల్లలకు జాగ్రత్త అని చెబుతారు. నేను వాళ్లను తప్పుపట్టను. కానీ వెనక్కి తీసుకున్నారన్న సగం కూడా చెప్పాలి కదా!

ట్రైనీ: మేం ఉద్యోగంలో చేరేసరికి రూల్స్ అన్నీ ఎవరో రాసేసి ఉంటారు సార్.

కెప్టెన్: అవును, డ్యూటీ గంటల రూల్సే చూడు. వారానికి 36 గంటల విశ్రాంతిని 48 గంటలు చేస్తూ డీజీసీఏ 2024 జనవరిలో ఉత్తర్వులిచ్చింది. అమలు వాయిదా పడితే పైలట్ల సంఘాలు ఢిల్లీ హైకోర్టులో పోరాడాయి. అప్పుడు కదిలి 2025లో రెండు దశల్లో అమలు మొదలుపెట్టారు. రేపు అలసిపోయి కాక్‌పిట్‌లో కూర్చునేది నువ్వేనమ్మా. ఆ వాదనలో మీ గొంతు లేకపోవడం నాకు బాధగా ఉంది. సంఘాలు ట్రైనీలకు అనుబంధ సభ్యత్వం ఇవ్వాలి, నామమాత్రపు రుసుముతో. కేసులు వాదించకపోయినా ఫర్వాలేదు, బాండు చదివిపెట్టాలి, ఒక సీనియర్ నంబరు ఇవ్వాలి.

న్యాయవాది: ఒక జాగ్రత్త చెప్పాలి. సభ్యత్వ కార్డు ఉంటే ఫ్లయింగ్ స్కూలుతో గొడవ తీరుతుందని అనుకోకండి. అక్కడ మీరు ఫీజు కట్టిన విద్యార్థి. రసీదులు, లాగ్‌బుక్, సార్టీ రద్దయిన ప్రతిసారీ పంపిన మెయిల్ — ఇవే మీ బలం. నోటిమాటతో సరిపెట్టుకోకండి.

తండ్రి: మరి ష్యూరిటీ మాటో మేడమ్?

న్యాయవాది: బాండులో రాసిన మొత్తమంతా గుడ్డిగా వసూలు చేసుకోవడానికి వీల్లేదండీ. కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం కోర్టు సమంజసమైన పరిహారమే ఇప్పిస్తుంది, రాసుకున్న మొత్తం దానికి గరిష్ఠ పరిమితి మాత్రమే. అలాగని బాండ్లు చెల్లవనుకోవద్దు. ఉద్యోగి నిర్ణీత కాలం పనిచేయాలన్న షరతు చెల్లుతుందని 2025లో సుప్రీంకోర్టు ఒక బ్యాంకు కేసులో చెప్పింది. మీరు ష్యూరిటీ సంతకం పెడితే ఆ బాకీకి మీరూ బాధ్యులే. ముందు డ్రాఫ్టు కాపీ అడగండి. ఇంటికి తీసుకెళ్లనివ్వకపోతే ఆ రోజు సంతకం పెట్టకుండా వచ్చేయండి.

తండ్రి: పెట్టకుంటే సీటు పోతుందంటే?

కెప్టెన్: ఫోన్ చేయండి పెద్దాయనా. ప్రోగ్రాం అయ్యాక నా నంబరు తీసుకోండి. నువ్వూ తీసుకోమ్మా.