కంప్రెషన్ టైట్స్ లోపల కండకి ఏమవుతుందో కొలవడం ఎందుకంత కష్టం

అందరికీ నమస్కారం. మీలో ఎంతమంది పిక్కలకి కంప్రెషన్ స్లీవ్స్, అంటే కండని బిగించి పట్టే తొడుగులు, వేసుకుని పరిగెత్తుతారో చేతులెత్తమని అడగను, బయట షూస్ దగ్గరే చూసేశాను. ఆటల్లో వీటికి బాగా పేరు తెచ్చినవాళ్ళలో అలెన్ ఐవర్సన్ ఒకడు, 2001లో మోచేతి దగ్గర వాపొచ్చి చేతికి తొడుగేసుకుని బాస్కెట్‌బాల్ ఆడాడు, ఆ తర్వాత మోచెయ్యి బ్రహ్మాండంగా ఉన్నవాళ్ళు కూడా వేసుకోవడం మొదలెట్టారు. నిజానికి ఇవి ఆస్పత్రి సరుకు, వెరికోస్ వెయిన్స్, అంటే కాళ్ళలో సిరలు ఉబ్బిపోయిన వాళ్ళకి డాక్టర్లు రాసే మేజోళ్ళు.

ఆస్పత్రి మేజోడుకి ఒక లెక్కుంటుంది. జర్మన్ స్టాండర్డ్ ప్రకారం ఫస్ట్ క్లాస్ అంటే చీలమండ దగ్గర 18 నుంచి 21, సెకండ్ క్లాస్ అంటే 23 నుంచి 32 మిల్లీమీటర్ల పాదరసం, అంటే బీపీ చూసే కొలతే. మరి స్పోర్ట్స్ ప్యాకెట్ మీద? చాలావాటి మీద "ఫర్మ్ కంప్రెషన్", పక్కన ఎస్, ఎమ్, ఎల్, అంతే.

సరే నంబర్ వేశారే అనుకుందాం, అది ఎవరి కాలి మీద? లాప్లాస్ సూత్రం అని ఒకటుంది, బట్ట లాగుతున్న బలం ఒకేలా ఉంటే గుండ్రం చిన్నదయ్యేకొద్దీ ప్రెషర్ పెరుగుతుంది. చీలమండ చుట్టుకొలత 24 సెంటీమీటర్లు, పిక్క 36 అనుకోండి, చీలమండ దగ్గర 21 వస్తే పిక్క దగ్గర 14 రావాలి, కానీ పిక్క దగ్గర బట్ట ఎక్కువ సాగుతుంది కాబట్టి మళ్ళీ పెరుగుతుంది, అందుకే మంచి కంపెనీలు పైకి వెళ్ళేకొద్దీ అల్లిక వదులు చేస్తాయి. పైగా కాలేమీ పైపు కాదు కదా, ముందరున్న ఎముక అంచు మీద బాగా నొక్కుతుంది, పక్కన చదునుగా ఉన్నచోట దాదాపు ఏమీ ఉండదు. ఒకే సాక్స్, ఒకే కాలు, చుట్టూ వేలు పెట్టిన ప్రతిచోటా వేరే నంబర్.

దీన్ని కొలవడానికి పల్చటి గాలి సంచి లాంటి సెన్సర్ చర్మానికీ బట్టకీ మధ్య పెడతాం, మడమ వెనక తాడు లాంటి స్నాయువు (టెండన్) పైకెళ్ళి కండగా మారే చోటు ఉంది చూడండి, లోపలివైపు, అక్కడ. ఎముక మీద పెట్టకూడదు. ఆ సంచి మందం కూడా అక్కడ చిన్న ఉబ్బు చేస్తుంది, ఉబ్బంటే గుండ్రం మారినట్టే, గుండ్రం మారితే ప్రెషర్ మారినట్టే. అంటే కొలిచే వస్తువే కొలతని కొంచెం కదిలించేస్తుంది. ఈ గొడవ ఇక్కడితో ఆగదు.

కండలో నాలుగింట మూడొంతులు నీళ్ళే, కాబట్టి పాల ప్యాకెట్‌ని నొక్కినట్టే, ఇక్కడ నొక్కితే అక్కడ ఉబ్బుతుంది తప్ప లోపలున్నది తగ్గదు. కండ "కుదించుకుపోయింది" అని ఎవరైనా అంటే నమ్మకండి. మారేది ఆకారం, ఇంకా సిరల్లో ఉన్న రక్తం, కణాల మధ్య నీరు, ఇవి పక్కకి జరుగుతాయి. ఎమ్మారైలో చూద్దామంటే మనిషిని పడుకోబెట్టాలి, అసలు చిక్కంతా అక్కడే. పడుకున్నప్పుడు పిక్కలో సిర మూసుకోవడానికి 20, 25 చాలు, నిలబడితే 70 దాకా కావాలని కొలిచి చెప్పారు, ఎందుకంటే పైనున్న రక్తం బరువంతా కింద పడుతుంది. పడుకోబెట్టి తీసిన బొమ్మ చూపించి పరిగెత్తేటప్పుడు కూడా ఇలాగే అవుతుందంటే ఎలా కుదురుతుంది?

అల్ట్రాసౌండ్‌తో కండ గట్టిదనం చూస్తారు, కండలోకి చిన్న అల పంపి అది ఎంత స్పీడుగా పోతోందో కొలవడం. రిలాక్స్‌గా ఉన్న కండలో సెకనుకి ఒకటి నుంచి మూడు మీటర్లు, గట్టిపడితే ఇంకా స్పీడు. కానీ బట్ట మీంచి బొమ్మ సరిగ్గా రాదు, బట్టకి కిటికీ కోస్తే ఆ చోట ప్రెషరే పోతుంది, పైగా ప్రోబ్ పట్టుకున్న చెయ్యి కూడా నొక్కుతుంది. పాదం కాస్త పైకి వంచినా పిక్క సాగి రీడింగ్ బాగా పెరిగిపోతుంది, అందుకే పాదం కట్టేయకుండా తీసిన రీడింగులు నేనైతే పట్టించుకోను.

ఉన్న కొలతల్లో నాకు నమ్మకం ఉన్నది కండ వణుకు కొలతల మీద. గెంతి దిగినప్పుడు తొడ కండ ఊగుతుంది కదా, టైట్ షార్ట్స్ వేసుకుంటే ఆ ఊగుడు తగ్గిందని 2003లోనే చూపించారు. అయితే ఇక్కడా ఒక పేచీ ఉంది, చర్మానికి అంటించిన సెన్సర్ బట్ట కింద ఉంటే బట్టే దాన్ని గట్టిగా పట్టేసుకుంటుంది, బట్ట లేనప్పుడు ప్లాస్టర్ మీద వేలాడుతుంది, మరి తగ్గింది కండ ఊగుడా సెన్సర్ ఊగుడా? కెమెరాతో చూస్తే బట్ట మీది చుక్క కనిపిస్తుంది, కండ కనిపించదు. కొవ్వు మందంగా ఉన్నవాళ్ళలో అయితే మనం కొలిచేది ఎక్కువగా కొవ్వునే.

టైమింగ్ తగ్గుతుందా అంటే, చాలా స్టడీల్లో తేడా చాలా తక్కువ, లేదా లేదు. మర్నాటి నొప్పులు కొంచెం తక్కువని చెప్పేవాళ్ళున్నారు, కానీ నొప్పి పదికి ఎంత అని మనిషినే అడగాలి, ఆ మనిషికి తన కాలికి బిగుతుగా ఏదో ఉందని తెలుసు, తెలియకుండా టైట్స్ వేయడం కుదరదు కదా! హాయిగా ఉంటే వేసుకోండి, నేనేమీ అడ్డు చెప్పను. లాక్టిక్ యాసిడ్‌ని బయటికి తోసేస్తుంది అని రాస్తే మాత్రం నవ్వి పెట్టేయండి, అది గంటా గంటన్నరలో దానంతటదే మామూలు స్థాయికి వచ్చేస్తుంది, మర్నాటి నొప్పికి కారణం కూడా అది కాదు. షుగర్ ఉండి కాళ్ళకి రక్తం సరిగ్గా ఆడనివాళ్ళు మాత్రం డాక్టర్‌ని అడక్కుండా బిగుతువి వేసుకోవద్దు. ఇంకోటి, వేడినీళ్ళలో ఉతికి మిద్దె మీద ఎండలో ఆరేస్తే లైక్రా సాగిపోతుంది, కొత్తప్పటి నంబర్ దానికి ఉండదు.

సరే, సెన్సర్ తెచ్చాను, ఒకే సైజు సాక్స్ రెండు జతలున్నాయి. సన్నకాళ్ళ వాళ్ళు ఒకరు, పిక్కలు దిట్టంగా ఉన్నవాళ్ళు ఒకరు ముందుకి రండి, ముందు పడుకోబెట్టి, తర్వాత నిలబెట్టి చూద్దాం.