ముందు రింగు తిప్పి చూడండి: డీఎస్ఎల్ఆర్‌కి మాన్యువల్ ఫోకస్ లెన్సులు

నమస్కారమండీ. మాన్యువల్ ఫోకస్‌కి, అంటే రింగు చేత్తో తిప్పి ఫోకస్ చేయడానికి, లెన్స్ కొందామనుకునేవాళ్లు ముందుగా అడిగేది ఒకటే, ఎఫ్ 1.4 మంచిదా, 1.8 మంచిదా అని. లెన్స్ అపెర్చర్, అంటే వెలుగు వచ్చే కన్నం, ఎంత తెరుచుకుంటుందో చెప్పే నంబరు అది, చిన్నదైతే ఎక్కువ తెరుచుకున్నట్టు. నన్నడిగితే ఆ నంబరు తర్వాత చూసుకోవచ్చు. ముందు రింగు సంగతి చూడాలండి.

ఇదిగో, కెమెరాతో పాటు వచ్చే 18-55 ఎంఎం లెన్స్. దీని ఫోకస్ రింగు ఎంత తిరుగుతుందో చూడండి. ఇంతే, కొసాకొసలకి పావు చుట్టు కూడా లేదు. మోటారు గబుక్కున తిప్పుకోవడానికి చేసిన రింగు ఇది, మన వేళ్ల కోసం కాదు. వెంట్రుకవాసి కదిపితే మనిషి కన్ను దాటి చెవి మీదికి పోతుంది ఫోకస్. కెనాన్ 50 ఎంఎం ఎస్‌టీఎం లెన్స్ ఇంకో రకం. రింగుకీ గాజుకీ నేరుగా సంబంధం లేదు, మధ్యలో మోటారు ఉంది. కెమెరా నిద్రపోతే రింగు ఎంత తిప్పినా ఫోకస్ కదలదు. ఫొటోలు బాగా తీస్తుంది, కాదనను. చేత్తో ఫోకస్ చేయడానికి మాత్రం వద్దు.

ఇప్పుడు ఈ పాత నికాన్ 55 ఎంఎం మైక్రో చూడండి. ఎఫ్ 2.8, ఏఐ-ఎస్ అనే మాన్యువల్ ఫోకస్ రకం. తిప్పుతుంటే వెన్నలా నడుస్తుంది, ఎక్కడ ఆపితే అక్కడే ఉంటుంది. పావు మీటరు దూరం దాకా వెళ్లొచ్చు. సెన్సార్ మీద వస్తువు సగం సైజులో పడుతుంది. నరసాపురం లేసు తీశాను దీంతో, ఒక్కో ముడి, ఒక్కో దారం పురి విడివిడిగా కనపడుతోంది. అలాంటి పనికి ఆటోఫోకస్ పెడితే దారం వదిలేసి కింద బల్ల పట్టుకుంటుంది. మన కోనసీమలో దానికి అలాంటి ఇబ్బందులు ఇంకా ఉన్నాయండి. ధనుర్మాసంలో పొద్దున్నే గట్టు మీద నిలబడితే మంచులో దానికి పట్టు దొరకదు, ముందుకీ వెనక్కీ గిరగిరా తిరుగుతూనే ఉంటుంది. తోటలో అయితే ముందున్న కొబ్బరాకు పట్టుకుని కూర్చుంటుంది.

ఇక ఎఫ్ నంబరు. డీఎస్ఎల్ఆర్ వ్యూఫైండర్‌లో మనం చూసేది లోపలున్న ఫోకసింగ్ స్క్రీన్ మీద బొమ్మ. ఆటోఫోకస్ వచ్చాక ఆ స్క్రీన్లని వెలుగు ఎక్కువ కనపడేలా చేశారు, అందుకు ఫోకస్ తేడా చూపించే గుణం తగ్గించేశారు. ఎఫ్ 1.4 లెన్స్ పెట్టినా కంటికి కనపడేది సుమారు ఎఫ్ 2.8లో ఫోకస్‌లో ఉండేంత లోతే. నమ్మకపోతే ఈ హీలియోస్ 44-2 అనే పాత లెన్స్‌తో చూడండి. దీని అపెర్చర్ చేత్తో తిప్పగానే మూసుకుంటుంది. ఎఫ్ 2 నుంచి 2.8కి తిప్పుతున్నా... వ్యూఫైండర్‌లో వెలుగు తగ్గినట్టే లేదు కదా? 4కి వస్తే అప్పుడు చీకటి పడుతోంది.

అందుకే సామ్యాంగ్ 85 ఎంఎం ఎఫ్ 1.4 లెన్స్ కొంటానంటే నేను ఆలోచించుకోమంటాను. గాజు బ్రహ్మాండం. కానీ క్రాప్ బాడీ, అంటే సెన్సార్ పాత ఫిల్ము కంటే చిన్నగా ఉండే కెమెరా, మీద రెండు మీటర్ల దూరంలో పూర్తిగా తెరిచి తీస్తే ఫోకస్‌లో ఉండే లోతు మూడు సెంటీమీటర్లే. వ్యూఫైండర్ మీకు అంతకంటే ఎక్కువ చూపించి మోసం చేస్తుంది. ట్రైపాడ్ వేసి, లైవ్ వ్యూలో, అంటే కెమెరా వెనక స్క్రీన్ మీద, పది రెట్లు పెద్దది చేసి చూసుకుంటే సరే. మధ్యాహ్నం ఎండలో స్క్రీన్ కనపడదు, తల మీద తువ్వాలు కప్పుకోండి. పెళ్లిలో జీలకర్ర బెల్లం క్షణంలో తువ్వాలు కప్పుకుని కూర్చుంటే పురోహితుడు ఆగడు మరి.

కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లేవాళ్లకి వేరే మాట చెబుతాను. భుజాల మీద మోసే ప్రభ కౌశిక నది దాటుతుంటే జనం తోపులాటలో ఫోకస్ చూసుకునే తీరికుండదు. 24 ఎంఎం, దూరం అంకెలు చెక్కి ఉన్నది, తీసుకెళ్లండి. క్రాప్ బాడీ మీద ఎఫ్ 8 పెట్టి, రింగు నాలుగు మీటర్ల దగ్గర ఆపేయండి. రెండు మీటర్ల నుంచి ఆకాశం దాకా అంతా బాగుంటుంది, ఇక రింగు జోలికి పోకండి. లెన్స్ మీద గీసిన లోతు గీతలు ఫిల్ము కాలం లెక్క. క్రాప్ బాడీలో ఎఫ్ 8లో తీస్తే 5.6 గీతలు చూసుకోండి.

మౌంటు, అంటే లెన్స్ బాడీకి తగిలించే చోటు, విషయం చిన్నదే గానీ డబ్బులు పోయేది అక్కడే. కెనాన్ ఈఎఫ్ మౌంటు బాడీకి మరలా తిప్పి బిగించే పాత ఎం42 లెన్సులు, నికాన్ లెన్సులు ఉత్త అడాప్టర్ రింగుతో పనిచేస్తాయి. అదే ఎం42ని నికాన్ బాడీకి తగిలిస్తే దూరంగా ఉన్నవి ఫోకస్ అవ్వవు. లోపల గాజు ఉన్న అడాప్టర్ కావాలి, దాంతో బొమ్మ పాడవుతుంది. నికాన్ బాడీ ఉన్నవాళ్లు 1977 నుంచి వచ్చిన ఏఐ, ఏఐ-ఎస్ లెన్సులు వెతుక్కోండి. అంతకుముందువి చాలా బాడీల మీద మౌంటు దగ్గరున్న చిన్న మీటకి తగిలి దాన్ని విరగ్గొట్టే ప్రమాదం ఉంది. డీ7000, డీ7200 లాంటివాటిలో మెనూలో లెన్స్ వివరాలు నింపితే వెలుగు కొలుస్తుంది. డీ3000, డీ5000 వరసల్లో కొలవదు, ఎక్స్‌పోజర్ మీరే పెట్టుకోవాలి. ఫోకస్ కుదిరితే వ్యూఫైండర్‌లో పచ్చ చుక్క మాత్రం అన్నిట్లో వెలుగుతుంది. ఆ చుక్కకి లెన్స్ ఎఫ్ 5.6 లేదా అంతకంటే ఎక్కువ తెరుచుకునేదై ఉండాలి.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు ఒక టార్చి తీసుకెళ్లండి. అపెర్చర్ తెరిచి, వెనక నుంచి వెలుగు కొట్టి, ముందు నుంచి ఏటవాలుగా చూడండి. సాలెగూడులా సన్నటి పోగులు కనపడితే ఫంగస్, తిరిగి ఇచ్చేయండి. 55 మైక్రో అయితే అపెర్చర్ రేకుల మీద నూనె చూడండి, ఆ లెన్స్‌కి అది మామూలు జబ్బు. రింగు బిరుసుగా ఉన్నా లోపల గ్రీజు గట్టిపడిందన్నమాటే.

ఫంగస్ లేనిది కొన్నా, గోదారి గాలిలో అది పట్టడం తేలికండి. లెదర్ కేసులో దాచొద్దు, అది తేమ పీల్చుకుంటుంది. మూత గట్టిగా పడే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ వేసి, చిన్న తేమ మీటరు పెట్టండి, 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే చాలు. జెల్ రంగు మారితే తీసి వేడి చేసి ఆరబెట్టి మళ్లీ వేయండి. వారానికోసారి లెన్స్ బయటికి తీసి నాలుగు ఫొటోలు తీయండి. ఉంటానండి.