సినావి చెవితో జాజ్ వింటే

నమస్తే అండీ. శాక్సోఫోన్ వాయించేవాళ్లంటే మన కళ్ల ముందు ఒక బొమ్మ ఉంటుంది. నిలబడి, నడుం వంచి, పక్కలకి ఊగుతూ. కాంగ్ టె-హ్వాన్ అలా కాదు. నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటారు. ఆల్టో శాక్సోఫోన్ నోట్లో పెట్టుకున్నాక ఇక ఊదడం ఆపరు. నిజంగానే ఆపరు! బుగ్గల్లో నిలవ పెట్టిన గాలిని బయటికి తోస్తూనే ముక్కుతో కొత్త గాలి పీల్చుకునే పద్ధతి అది. ఒకే స్వరం అలా సాగుతూ ఉంటుంది, దాని లోపల్నుంచి ఇంకో రెండు మూడు స్వరాలు చీలి బయటికొస్తాయి. మొదటిసారి విన్నప్పుడు నా హెడ్‌ఫోన్స్ పాడయ్యాయనుకున్నాను.

ఈయన 1944లో పుట్టిన కొరియన్. 1970ల చివర్లో ట్రంపెట్ వాయించే ఛోయ్ సన్-బె, తాళవాద్యాల కిమ్ దె-హ్వాన్‌తో కలిసి ముగ్గురి జట్టు కట్టారు. పాట లేదు, స్వరలిపి లేదు, ముందుగా అనుకున్నదేమీ లేదు. దీన్నే ఫ్రీ ఇంప్రొవైజేషన్ అంటారు. కిమ్ దె-హ్వాన్ ఒక్కో చేత్తో మూడేసి కర్రలు పట్టుకుని డ్రమ్ కొట్టేవారు. ఆయన గురించి ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. ఒక్క బియ్యపు గింజ మీద బౌద్ధుల హృదయ సూత్రం మొత్తం, 283 అక్షరాలు, చెక్కిన మనిషి ఆయన. 1990లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కారు. ఇంత ఓపికున్న మనిషి డ్రమ్ ముందు కూర్చుంటే ఉరుము ఉరిమినట్టు వాయించేవారు.

సరే, అసలు విషయానికి వస్తా. ఇలాంటి సంగీతాన్ని చాలామంది "జాజ్‌కి కొరియన్ తాలింపు" అన్నట్టు చెప్తారు. నాకు ఆ మాట నచ్చదు. ఎందుకంటే కొరియాలో సినావి అని ఒకటుంది.

నైరుతి మూల ఉన్న జొల్లా ప్రాంతంలో పూనకం వచ్చే పూజారిణులు చేసే క్రతువు ఉంటుంది, దాన్ని 'కుత్' అంటారు. మన ఊళ్లలో కొలుపు చేస్తారే, అలాంటిది అనుకోండి. ఆ క్రతువులో వాయించేదే సినావి. వెదురుతో చేసే పిరి, పొడవాటి అడ్డ వేణువు తెగుమ్, రెండే తీగల హెగుమ్, నడుం సన్నగా ఉండే జాంగ్గు డోలు, జింగ్ అనే పెద్ద కంచు పళ్లెం. అందరూ ఒకే తాళంలో, ఒకే స్వరాల గుంపులో ఉంటారు. కానీ ఎవరి దారి వాళ్లది. ఒకరు ముందుకు వస్తే మిగతావాళ్లు తగ్గుతారు, మళ్లీ అందరూ ఒకరి మీద ఒకరు పడతారు. దేవత ఎప్పుడు పూనుతుందో ముందే కాగితం మీద రాసుకోలేరు కదా! అందుకని అక్కడికక్కడే కల్పించుకోవాలి. పాశ్చాత్య దేశాల్లో 1960ల కుర్రాళ్లు ఫ్రీ జాజ్ అని తిరుగుబాటు చేసి సాధించుకున్నది, ఇక్కడ పల్లె వాయిద్యగాళ్లకు కూలి పని.

తాళం సంగతీ అంతే. కొరియన్ తాళాన్ని జాంగ్‌దాన్ అంటారు. వాటిలో చాలావాటికి ఒక్కో దెబ్బ లోపల మూడు చిన్న భాగాలుంటాయి. జాజ్‌లో స్వింగ్ అనే ఊపు కూడా ఇంచుమించు ఆ మూడింటి మీదే ఆడుతుంది. అందుకే జాజ్ డ్రమ్మర్ జాంగ్గు పక్కన కూర్చుంటే కాళ్లు త్వరగానే కుదురుతాయి. ఒత్మోరి అనే తాళమైతే 3, 2, 3, 2 చొప్పున పది. తకిట తక తకిట తక అని వేసి చూడండి, మీకే తెలుస్తుంది.

1978లో సియోల్‌లో స్పేస్ అనే ఇటుకల కట్టడం కింద, వాస్తుశిల్పి కిమ్ సూ-గున్ కట్టించిన చిన్న థియేటర్‌లో సాముల్నోరి మొదలైంది. పొలాల్లో గంతులేస్తూ కొట్టే రైతుల డప్పుల మేళాన్ని కిమ్ డుక్-సూ, ఆయన మిత్రులు నాలుగు వాద్యాలకు కుదించి వేదిక మీద కూర్చోబెట్టారు. కాంగ్ గారి జట్టు వాయించిందీ ఆ రోజుల్లో ఆ థియేటర్లోనే. తర్వాత సాముల్నోరి వాళ్లు రెడ్ సన్ అనే జాజ్ బృందంతో కలిశారు. ఆస్ట్రియా శాక్సోఫోన్ కళాకారుడు వోల్ఫ్‌గాంగ్ పుష్నిగ్, గాయని లిండా షారాక్, బేస్ గిటార్‌తో జమాలదీన్ టకుమా అందులో ఉన్నారు. వాళ్ల రికార్డు ఒకటి 1994లో ఈసీఎం కంపెనీ నుంచి వచ్చింది. నా అభిప్రాయం అడిగితే, అందులో జాజ్ వాళ్లు కాస్త తగ్గి, డప్పుల మాట విన్నచోట్లే అద్భుతంగా ఉంటుంది.

ఇలా కలిసినప్పుడు ఎవరు ఎవరి వైపు వంగారన్నదే నేను చూసేది. ఆస్ట్రేలియా డ్రమ్మర్ సైమన్ బార్కర్ కథ వినండి. తూర్పు తీరంలో కుత్ చేయించే కుటుంబానికి చెందిన కిమ్ సొక్-చుల్ వాయిద్యం రికార్డులో విని మతిపోయింది ఆయనకి. ఎలాగైనా కలవాలని ఏళ్ల తరబడి కొరియా చుట్టూ తిరిగాడు. చివరికి కలిశాడు, ఆ తర్వాత కొద్ది రోజులకే ఆ పెద్దాయన పోయారు. ఈ వెతుకులాట మీద 2008లో ఒక డాక్యుమెంటరీ కూడా వచ్చింది. ఆ తిరుగుడులోనే, జిరి పర్వతంలో జలపాతం పక్కన ఏడేళ్లు గొంతు సాధన చేసిన ఫన్సోరి (డోలు దెబ్బల మీద కథ పాడే కొరియన్ గానం) గాయకుడు బె ఇల్-డోంగ్ పరిచయమయ్యాడు. ఇద్దరూ కలిసి వేదికలెక్కారు. సైమన్ డ్రమ్స్ వాయించే తీరే మారిపోయింది.

ఇప్పటివాళ్లలో నాకిష్టమైంది బ్లాక్ స్ట్రింగ్ అనే బృందం. ఆ పేరు కొమున్గో అనే వాద్యానిది. దాని చైనా అక్షరాల పేరుకి అర్థం నల్ల తంత్రి. ఆరు పట్టు తీగలు, 16 మెట్లు. వీణలా మీటరు, సుల్తె అనే సన్నటి వెదురు పుల్లతో కొడతారు. తీగతో పాటు కింద చర్మం మీద టక్కున తగిలిన చప్పుడు కూడా వినబడాలి. ఎడమ చేత్తో తీగను తోసి స్వరాన్ని కదిలిస్తారు. ఆ కదలికలకు సిగిమ్సె అని పేరు. గమకం తెలిసిన చెవికి దీన్ని వివరించక్కర్లేదు. హో యూన్-జంగ్ కొమున్గో, ఓ జీన్ ఎలక్ట్రిక్ గిటార్. 2016లో జర్మనీ జాజ్ కంపెనీ ఆక్ట్ వీళ్ల ఆల్బమ్ తెచ్చింది. గిటార్ ఇక్కడ కార్డ్స్, అంటే కొన్ని స్వరాలు ఒకేసారి కలిపి, వాయించి తివాచీ పరచదు. ఎక్కువగా ఒక మోత, ఒక గాలి, అంతే. కొమున్గో స్వరం వంగడానికి చోటు వదిలేస్తుంది.

చెత్త ఫ్యూజన్‌లో ఆ చోటే ఉండదు. కింద పియానో గట్టిగా పట్టేసుకుంటుంది, వెనక డ్రమ్స్ నాలుగు దెబ్బల లెక్కన నడుస్తుంటాయి, పాపం కొరియన్ వాద్యం పైన అలంకారానికి కూర్చుంటుంది. హోటల్ లాబీ సంగీతం. అలాంటివి బోలెడున్నాయి, పేర్లు చెప్పి గొడవ పెట్టుకోను.

ముందు మామూలు సినావి ఒక పదిహేను నిమిషాలు వినండి. ఆ తర్వాత బ్లాక్ స్ట్రింగ్, అప్పుడు కాంగ్ టె-హ్వాన్. నేరుగా కాంగ్ గారి దగ్గరికి వెళ్తే నాలాగే హెడ్‌ఫోన్స్ మార్చుకుంటారు. మధ్యలో ఎవరో "ఒల్సిగు!" అని అరిస్తే కంగారు పడకండి, అది చుయిమ్సె, మన "భళా" లాంటిది. మీరూ అరవొచ్చు. ఇంకొక్క మాట. జింగ్ మోగాక ఆ మోత పూర్తిగా అణిగేదాకా మాత్రం తర్వాతి ట్రాక్ నొక్కకండి.